గుంటూరు నుంచి మూసాపేట అద్దింటికి: కరెంటు, గ్యాస్, నల్లా, నెట్ దేనికి ముందు తిరగాలి?

అరండల్‌పేట_వాసి:

అందరికీ నమస్తే. వచ్చే నెల ఒకటో తారీకున గుంటూరు నుంచి హైదరాబాద్ మూసాపేటకు మారుతున్నాం. ఇండిపెండెంట్ ఇల్లు, మొదటి అంతస్తులో రెండు బెడ్‌రూముల పోర్షన్. కింద ఇంకో కుటుంబం అద్దెకుంటోంది, పైన ఓనరు వాళ్లు. టోకెన్ ఇచ్చాం, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.

నా సందేహాలు ఇవీ. కరెంటు మీటరు మా పేరు మీదకు మార్చుకోవాలా? గుంటూరులో ఇండేన్ కనెక్షన్ ఉంది, రెండు సిలిండర్లు. వాటిని సామాన్లతో పాటు లారీలో వేసుకొచ్చి ఇక్కడ అడ్రస్ మార్పించుకోవచ్చా, లేక అక్కడే అప్పజెప్పి రావాలా? నీళ్ల గురించి అడిగితే ఓనరు గారు "మంజీరా వస్తుంది, బోరు కూడా ఉంది" అని ఊరుకున్నారు. ఇంకా ఏం అడగాలో నాకు తెలియలేదు. ఇద్దరిదీ ఇంటి నుంచి చేసే ఉద్యోగమే కాబట్టి నెట్ మాత్రం దిగిన రోజు నుంచే కావాలి. ఏసీ ఒకటి, గీజరు ఒకటి మావే తెచ్చుకుంటున్నాం.

ఫేజ్_న్యూట్రల్:

మీటరు పేరు మార్పిడి జోలికి పోకండి. దానికి ఇంటి పత్రాలు పెట్టాలి, అద్దెకుండేవాళ్లకు ఆ అవసరం లేదు. సర్వీసు, అంటే కరెంటు కనెక్షన్, ఓనరు పేరునే ఉంటుంది, నెలనెలా బిల్లు మీరు కడతారు, అంతే.

అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు మాత్రం పాత బిల్లు ఒకటి ఫోటో తీసి పంపమనండి. అందులో తొమ్మిదంకెల యూఎస్‌సీ నంబరు (కనెక్షన్ నంబరు) ఉంటుంది. దాన్ని ఇక్కడి కరెంటు కంపెనీ టీజీఎస్పీడీసీఎల్ సైట్లోనో యాప్‌లోనో కొడితే బకాయి ఎంతుందో, వెనక నెలల్లో ఎన్ని యూనిట్లు కాలాయో కనబడుతుంది. బకాయి సర్వీసు మీద నిలుస్తుంది, మనిషి మీద కాదు. పాత కిరాయిదారు ఎగ్గొట్టి పోయినా లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేది మీ ఇంటికే.

అదే బిల్లులో కేటగిరీ చూడండి. ఇంటికి కేటగిరీ ఒకటి ఉండాలి. ఆ పోర్షన్లో ఇంతకు ముందు ట్యూషన్ సెంటరో ఆఫీసో నడిచి ఉంటే కేటగిరీ రెండు (వ్యాపార రేటు) అలాగే మిగిలిపోయి ఉంటుంది, అప్పుడు మొదటి యూనిట్ నుంచే కనీసం ఏడు రూపాయలు. దాన్ని మార్పించాల్సింది ఓనరే, మీరు దిగక ముందే. తరువాత కాంట్రాక్టెడ్ లోడ్, అంటే ఆ కనెక్షన్‌కు మంజూరైన లోడు. పాత ఇళ్లకు చాలావాటికి ఒక కిలోవాటే ఉంటుంది. మీ గీజరు ఒక్కటే రెండు కిలోవాట్లు, దానికి తోడు ఏసీ. మీరు వాడే లోడు కాంట్రాక్టు దాటిందని మీటరు రికార్డు చేస్తే, పెంచిన లోడుకు డెవలప్‌మెంట్ చార్జీలు కట్టమని నోటీసు వస్తుంది. ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

ఏసీడీ (అదనపు డిపాజిట్) అనే పద్దు గురించి కూడా ఒక మాట. వాడకం పెరిగిన సర్వీసులకు, సగటున రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ ఉండాలని తక్కువైన మొత్తాన్ని బిల్లులో కలుపుతారు. అది సర్వీసు మీద ఉండిపోయే సొమ్ము, దాని మీద వడ్డీ కూడా ఆ సర్వీసుకే జమ అవుతుంది. అంటే ఓనరు డిపాజిట్ మీరు కడుతున్నట్టు లెక్క. అగ్రిమెంట్లో "ఏసీడీ, డెవలప్‌మెంట్ చార్జీలు యజమానివే" అని ఒక లైను రాయించుకుంటే చాలు, తరువాత మొహమాటపడే పని ఉండదు.

ఇక తాళాలు తీసుకునే రోజు పని. ఇలాంటి ఇళ్లలో మీటర్లన్నీ మెట్ల కింద ఒకే బోర్డు మీద ఉంటాయి, ఏది ఎవరిదో సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఆ రాతను నమ్మొద్దు. మీ పోర్షన్లో ఫ్యాను, లైటు వేసి కిందికెళ్లి చూస్తే మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంటుంది. లోపల మెయిన్ స్విచ్చు (ఎంసీబీ) ఆపేయండి. ఏ మీటరు లైటు ఆగిందో అది మీది. ఏదీ ఆగకపోయినా, మీది కాస్త నెమ్మదించి ఇంకా మిణుకుతూనే ఉన్నా, నీళ్ల మోటారో మెట్ల లైట్లో పైవాళ్ల గది ఏదైనానో మీ మీటరుకు తగిలించి ఉన్నట్టు. ఇది తేలాక మీటరు సీరియల్ నంబరు బిల్లులో ఉన్నదానితో సరిపోల్చి, స్క్రీన్ మీద కేడబ్ల్యూహెచ్ (యూనిట్ల) అంకె వచ్చినప్పుడు ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. స్క్రీన్ తిరుగుతూ ఉంటుంది. వోల్టేజీ, ఎండీ (గరిష్ఠ లోడు) అంకెలు కూడా వస్తాయి, తొందరపడి వాటిని తీసుకోకండి.

బండగుర్తు:

200 యూనిట్ల లోపు ఫ్రీ అంటున్నారు కదా, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా వస్తుంది. దాటినా దాటిన నాలుగు యూనిట్లకే కదా ఎక్కువ రేటు పడేది, పెద్దగా కంగారు పడక్కర్లేదు.

ఫేజ్_న్యూట్రల్:

బండగుర్తు గారూ, రెండో మాట తప్పండి. గృహజ్యోతి (మీరన్న 200 యూనిట్ల ఫ్రీ పథకం) కిరాయిదార్లకు వర్తిస్తుంది, నిజమే. కానీ తెలంగాణ రేషన్ కార్డు ఉండాలి, ఆధార్‌తో పాటు ఆ ఇంటి సర్వీసు నంబరు లింకై ఉండాలి. వీళ్లది గుంటూరు, కాబట్టి ఇప్పటికి ఆ ముచ్చట లేదు. కార్డు ఉన్నవాళ్లు ఇల్లు మారితే కొత్త సర్వీసు నంబరు మార్పించుకోవాలి. లేకపోతే పథకం పాత ఇంటి నంబరు మీదే ఉండిపోతుంది.

ఇక 200 దాటడం. స్లాబులు మీరనుకున్నట్టు పేర్చుకుంటూ పోవు, 200 దగ్గర పట్టికే మారిపోతుంది. ఇప్పుడున్న టారిఫ్‌లో నెలకు సరిగ్గా 200 కాలిస్తే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80, మొత్తం 820 రూపాయలు. 201 కాలితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. 1020కి ఆ ఒక్క యూనిట్ 7.70 కలిపితే 1027.70. అంటే ఆఖరి యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, సుంకం దీని పైన.

నెల మధ్యలో ఇల్లు మారేవాళ్లకు ఇది గట్టిగా తగులుతుంది. రీడింగు ఎనిమిదో తారీకున తీస్తారనుకోండి, పాతవాళ్లు ఒకటో తారీకు దాకా 150 కాల్చారు, మీరు వారంలో 60 కాల్చారు. మొత్తం 210, బిల్లు 1097. పాతవాళ్లు "మా 150కి పాత స్లాబు లెక్కన 580 అవుతుంది" అని అంతే ఇచ్చి పోతే మీ 60 యూనిట్లకు 517 పడినట్టు. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి ఎవరి యూనిట్లకు తగ్గట్టు వాళ్లు పెట్టుకోవడమే న్యాయం. యూనిట్‌కు 5.22 చొప్పున మీ వాటా 313. ఇది కూడా ఓనరు సమక్షంలో ముందే మాట్లాడుకోవాలి, పాతవాళ్లు సామాను ఎక్కించాక ఫోను ఎత్తరు.

ఎర్రసిలిండర్:

సిలిండర్లు లారీ ఎక్కించొద్దు. మీరు మారేది వేరే రాష్ట్రం, వేరే ఊరు. ఒకే ఊళ్లో ఏజెన్సీ మారితే సిలిండర్లు మీ దగ్గరే ఉంచుకుని కాగితాల మీద మార్పించుకోవచ్చు, ఊరు దాటితే కుదరదు.

గుంటూరు ఏజెన్సీకి రెండు సిలిండర్లు, రెగ్యులేటరు, గ్యాస్ బుక్కు, కనెక్షన్ ఇచ్చినప్పటి సబ్‌స్క్రిప్షన్ వోచరు, ఆధార్ తీసుకెళ్లండి. వాళ్లు సామాను తీసుకుని, ఆ వోచరు మీదున్న డిపాజిట్ వెనక్కిచ్చి, ట్రాన్స్‌ఫర్ వోచరు రాసిస్తారు. ఇక్కడ మీ ఏరియాకు సప్లై చేసే ఇండేన్ ఏజెన్సీలో అది చూపించి డిపాజిట్ కడితే సిలిండర్లు, రెగ్యులేటరు ఇస్తారు. కొత్తగా తీసుకునేవాళ్లకైతే డిపాజిట్ 14.2 కిలోల సిలిండరుకు 2,200, రెగ్యులేటరుకు 250. సిలిండర్లో మిగిలిన గ్యాసుకు పైసా రాదు, అందుకని ఒకదాన్ని పూర్తిగా వాడేసి, రెండోది కూడా చివరికొచ్చేలా చూసుకుని ఇవ్వండి. బుక్ చేసి ఇంకా రాని రీఫిల్ ఉంటే ముందు క్యాన్సిల్ చేయించాలి, లేకపోతే వోచరు రాయడం ఆగిపోతుంది. స్టవ్వు, ట్యూబు మీవే, తెచ్చుకోండి.

ఇక్కడి ఏజెన్సీకి అడ్రస్ ప్రూఫుగా రెంటల్ అగ్రిమెంటు, దానికి తోడు ఓనరు పేరున్న కరెంటు బిల్లు కాపీ పట్టుకెళ్లండి. స్టవ్వు తమ దగ్గరే కొనాలని ఎవరైనా పట్టుబడితే కొనక్కర్లేదు, అలాంటి నిబంధన లేదు. ఈ కనెక్షన్‌ను ఆలస్యం చేయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొత్త అడ్రస్‌తో మీ పేరు మీద మొదట వచ్చే బిల్లు ఇదే. కరెంటూ నల్లా ఎప్పటికీ ఓనరు పేరే. ఆధార్లో అడ్రస్ మార్చుకోవడానికి మూడు నెలల లోపు గ్యాస్ బిల్లు పనికొస్తుంది.

సిలిండరు వచ్చినప్పుడు డెలివరీ అబ్బాయి ముందే సీలు తీసి, వాల్వు మూతిలో నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. అది లేకపోయినా తెగినా రెగ్యులేటరు ఎంత గట్టిగా పెట్టినా గ్యాసు కారుతుంది. వాల్వులో నాలుగు చుక్కలు నీళ్లు వేయండి. బుడగలొస్తే ఆ సిలిండరు వెనక్కి పంపేయాలి. పై చట్రం పట్టీ లోపలివైపు "సి-27" లాంటి గుర్తు ఉంటుంది, సిలిండరును మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, అలా డి దాకా; 27 అంటే 2027. ఆ పక్కనే ఖాళీ సిలిండరు బరువు కొట్టి ఉంటుంది, దానికి 14.2 కలిపితే కాటా మీద రావాల్సిన బరువు.

పోర్షన్లో సిలిండరు బాల్కనీలో పెట్టి రాగి గొట్టంతో వంటింట్లోకి లైను లాగి ఉంటే, ప్రతి జాయింటుకు సబ్బు నురగ రాసి చూడకుండా స్టవ్వు వెలిగించొద్దు. పాతవాళ్లు వదిలేసిన రబ్బరు ట్యూబు అస్సలు వాడొద్దు. ఐఎస్ఐ గుర్తున్న సురక్ష ట్యూబు కొత్తది వేయండి, దాని ఆయుష్షు ఐదేళ్లు, తయారీ సంవత్సరం ట్యూబు మీదే ఉంటుంది. వాసన వస్తే ఫోను చేయాల్సింది 1906.

గోలకొండ_భయ్:

నల్లా ముచ్చట ఎవ్వరు చెప్పలే, నేను చెప్త. "మంజీరా (వాటర్ బోర్డు నల్లా నీళ్లు) వస్తది" అంటే సరిపోదు భయ్. ఎన్ని రోజులకొకసారి వస్తది, ఎన్ని గంటలకు, ఎంతసేపు అని అడగండ్రి. చాలా బస్తీలల్ల రోజు విడిచి రోజే వస్తది. వచ్చిన నీళ్లు సంపులకు పోతయా, సంపు ఎన్ని లీటర్లు, అది మూడు పోర్షన్లకు కలిపి ఒక్కటేనా? బోరు నీళ్లు కూడ అదే సంపుల పడ్తయా, లేకపోతే బోరు సీదా పైన ట్యాంకుకు ఎక్కుతదా? రెండూ కలుస్తే మీ వంటింట్ల వచ్చేది మంజీరా కాదు, మిక్సింగు. దానికి వేరే ఫిల్టరు కావాలె.

తెలుసుకునే ఉపాయం ఉంది. టీడీఎస్ పెన్ను (నీళ్లల్ల కరిగిన లవణాలు కొలిచేది) ఒకటి ఎవరి దగ్గరైన తెచ్చి రెండు చోట్ల పెట్టి చూడుర్రి: నల్లా వచ్చే టైముకు గేటు కాడ పైపుల, ఆ తర్వాత మీ వంటింటి ట్యాపుల. అంకె దగ్గర దగ్గర ఉంటే మంచిది. లోపల బాగ ఎక్కువుంటే బోరు కలుస్తున్నట్టే. తాగే నీళ్లకు బీఐఎస్ వాళ్లు పెట్టిన హద్దు 500, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాక. నల్లా నీళ్లే వచ్చే ఇంట్ల ఆర్వో పెట్టుడు దండుగ, సగానికి ఎక్కువ నీళ్లు మోరీల పోతయి. యూవీది పెట్టుకుంటె సాలు. బోరు నీళ్లే తాగాల్సొస్తె ఆర్వో పెట్టుకోండ్రి. ఇంక బోరు నీళ్లకు గీజరు కాయిల్ మీద సున్నం పేరుకుంటది, ఏడాదికొకసారి విప్పి గీకించాలె. లేకపోతె కరెంటు తింటది, కాయిల్ కాల్తది.

బిల్లు సంగతి. వాటర్ బోర్డుది క్యాన్ నంబర్ (నల్లా కనెక్షన్ నంబర్) అని ఉంటది, అది అడిగి బాకీ ఉన్నదో లేదో చూడుర్రి. నెలకు 20 వేల లీటర్ల దాక ఫ్రీ స్కీము ఉన్నది, కాని నల్లాకు మీటరు ఉండాలె, అది పనిచేయాలె, ఆధార్ లింకు చేసి ఉండాలె. ఓనర్ అది చేయించకపోతె బిల్లు వస్తది, దాన్ని మీ మీద రుద్దుతడు. "వాటర్ నెలకు ఇంత" అని ఫిక్స్‌డ్‌గ చెప్తె ఆ బిల్లు సూపియ్యమని అడుగుర్రి, తప్పేం లేదు. ఎండకాలంల ట్యాంకర్ తెప్పిస్తె పైసలు ఎట్ల పంచుతరు, మనిషి లెక్కనా పోర్షన్ లెక్కనా, ఇది కూడ ఇప్పుడే తెగ్గొట్టుకోండ్రి. మార్చి దాటినంక అడిగితె లొల్లి అయితది. బోర్డు ఫోను నంబర్ 155313.

పింగ్_టైమౌట్:

నెట్ విషయంలో "మా వీధిలో ఉంది" అన్న మాట పట్టుకుని ఏడాది ప్యాకేజీ కట్టకండి. మీ గోడ దాకా ఏం వస్తోందో అడగండి. ఫైబరు తీగే నేరుగా ఇంట్లోకొచ్చి ఓఎన్‌టీ (ఫైబరు మోడెం) పెట్టెలో దూరితే ఒక లెక్క. మేడ మీదో మెట్ల దగ్గరో పెట్టెలో స్విచ్చు పెట్టి అక్కడి నుంచి లాన్ వైరు లాగితే ఇంకో లెక్క. మొదటి రకంలో వీధిలో కరెంటు పోయినా దారి మధ్యలో సాధారణంగా కరెంటు అక్కర్లేదు, మీ ఓఎన్‌టీకి బ్యాకప్ ఉంటే నెట్ నడుస్తుంది. రెండో రకంలో మీ ఇంట్లో ఇన్వర్టరున్నా ఆ మెట్ల దగ్గరి స్విచ్చు ఆరిపోతే మీటింగులోంచి ఇద్దరూ బయటికే. ఆఫీసు పనికి మొదటి రకమే తీసుకోండి.

బ్యాకప్‌కు పెద్ద ఇన్వర్టరు అవసరం లేదు. 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు. ఓఎన్‌టీ అడాప్టరు మీద చదవండి. 12 వోల్టులు, 1 లేదా 1.5 లేదా 2 ఆంపియర్లు అని ఉంటుంది. యూపీఎస్ అంతకు తగ్గకూడదు. పిన్ను సైజు కూడా చూసుకోవాలి. వదులుగా ఉంటే రోజుకు నాలుగుసార్లు దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, మీరు కంపెనీని తిడుతుంటారు.

ఇద్దరి వీడియో కాల్స్‌కు 100 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది, కాకపోతే అప్‌లోడ్ కూడా అంతే ఇస్తారా అని అడగండి. టెక్నీషియన్ తనకు సులువని గుమ్మం పక్కనే పెట్టె బిగించేసి పోతాడు. 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ ఇటుక గోడలు రెండు దాటేసరికి నీరసపడుతుంది. పని చేసుకునే గదికి దగ్గరగా, మధ్య హాల్లో పెట్టించండి. గోడకు రంధ్రం పెట్టాలంటే ఓనరును ముందే అడగండి, చాలామందికి దానితోనే గొడవ. తాళాలు చేతికొచ్చే రోజుకు ముందే అపాయింట్‌మెంట్ పెట్టుకుని, మొదటి నెల నెలవారీ ప్లానే తీసుకోండి. గుంటూరులో వదిలేసే కనెక్షన్ ఓఎన్‌టీని అప్పజెప్పి రసీదు తీసుకోండి, లేకపోతే డిపాజిట్ రాదు.

అరండల్‌పేట_వాసి:

అందరికీ ధన్యవాదాలు. పాత బిల్లు అడిగితే అసలు సంగతి బయటపడింది. మూడు పోర్షన్లకూ కలిపి ఒకటే మెయిన్ మీటరట, మాకు సబ్ మీటరు, యూనిట్ పది రూపాయలట. ఇది అన్యాయం కాదా? ఇంకోటి, గ్యాసు వచ్చేదాకా ఇండక్షన్ స్టవ్ మీద నెట్టుకొద్దామనుకుంటున్నాం, ఫరవాలేదా?

ఫేజ్_న్యూట్రల్:

పది రూపాయల్లో కొంత ఓనరు మిగులు ఉండొచ్చు, కానీ అంతా అదే కాదు. మూడు కుటుంబాలు తలా 200 కాలిస్తే మెయిన్ మీద 600. అందులో మొదటి 200కు 1020, తరువాత వందకు 7.70 చొప్పున 770, ఆపై వందకు 9 చొప్పున 900, మిగతా 200కు 9.50 చొప్పున 1900. మొత్తం 4590, యూనిట్ సగటున 7.65. చార్జీలూ సుంకమూ కలిస్తే ఇంకా పైకి. అదే ముగ్గురికీ వేరువేరు మీటర్లుంటే మూడు 820లు, 2460. కలిసి ఉన్నందుకు నెలకు రెండు వేల పైచిలుకు మూడు ఇళ్లూ కలిసి ఊరికే కడుతున్నాయన్నమాట. ఈ లెక్క కాగితం మీద రాసి ఓనరుకు చూపించండి. పోర్షన్‌కొక సర్వీసుకు దరఖాస్తు పెట్టుకుంటే లాభం ఆయనకూ ఉంది. ఒప్పుకోకపోతే "మెయిన్ బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి వచ్చిన రేటు" అని అగ్రిమెంట్లో రాయించండి. పది అనే అంకె వద్దు.

సబ్ మీటరు పరుగెత్తుతోందేమో చూడాలంటే అన్నీ ఆపి 100 వాట్ల పాత బల్బు ఒక్కటే వెలిగించండి. మీటరు మీద 3200 ఇంపల్స్ (యూనిట్‌కు అన్ని మిణుకులు) అని రాసి ఉంటే ఎర్ర లైటు పదకొండు సెకన్లకొకసారి మిణకాలి. ఏడెనిమిదికే మిణికితే ఆ మీటరు మార్పించాలి. 1600 ఇంపల్స్‌దైతే ఇరవై రెండు సెకన్లు.

ఇండక్షన్‌ను చిన్న ఆరు ఆంపియర్ల ప్లగ్గులో, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టొద్దు. 2000 వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు, ప్లగ్గు కరిగిపోతుంది. వంటింట్లో 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు ఉంటేనే వాడండి, దానికి ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటరు పెట్టించి చూడండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. మీ గీజరు బిగించే ముందు కూడా ఈ పరీక్ష తప్పదు.

ఎర్రసిలిండర్:

సాకెట్టు లేకపోతే ఐదు కిలోల చిన్న సిలిండరు తెచ్చుకోండి, అడ్రస్ ప్రూఫ్ అడగరు, ఆధార్ చూపిస్తే చాలు. ఇండేన్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో ఇస్తారు. రోడ్డు పక్కన పెద్ద సిలిండరు నుంచి చిన్నదానిలోకి నింపి అమ్మేవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.